స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉండాలి?

"ఇంట్లో మగాళ్లెవరూ లేరామ్మా?"

ఈ మాట వినని వాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? గ్యాస్ బండ తెచ్చినతను అంటాడు. కరెంటు పనికొచ్చినతను అంటాడు. హార్డ్‌వేర్ షాపులో కౌంటరు వెనక కూర్చున్న పెద్దాయన అంటాడు. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. 'పాపం, ఆడకూతురు ఈ పని మీద వచ్చిందే' అన్న జాలే ఎక్కువ. కానీ ఆ జాలే మనల్ని నలభై ఏళ్లొచ్చినా, యాభై ఏళ్లొచ్చినా ఒక చిన్న స్క్రూ ముందు చేతులు కట్టుకుని నిలబడేలా చేస్తోంది. ఈ వారం ఆ స్క్రూ గురించే మాట్లాడుకుందాం. నవ్వకండి, నిజంగానే స్క్రూ గురించే. గాడి అరిగిపోయి, స్క్రూడ్రైవర్ పెడితే జారిపోతూ, ఎంత తిప్పినా ఊడిరాని స్క్రూ గురించి.

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. రెండేళ్ల కిందట ఆవిడకి మోకాళ్లు బాగా పట్టేశాయి. మేడ ఎక్కలేదు. మంచమేమో మేడ మీద ఉంది. పాత టేకు మంచం, విప్పితే గానీ మెట్ల మలుపులో పట్టదు. సరే, విప్పి కింద హాల్లో వేద్దామనుకున్నాం. ఎప్పుడో మంచం కిర్రుమంటోందని ఒకతన్ని పిలిస్తే, నాలుగు మూలలా కోడులోంచి పట్టెలోకి పొడుగాటి స్క్రూలు బిగించి, వాటి తలల మీద పాలిష్ పూసేసి పోయాడు. అవి తీస్తే మంచం విడిపోతుంది. మా తమ్ముడు సెలవు పెట్టుకుని వచ్చాడు. మూడు స్క్రూలు ఎలాగో తీశాడు. నాలుగోది రాలేదు. వాడు గట్టిగా తిప్పాడు. స్క్రూడ్రైవర్ జారింది. ఇంకా గట్టిగా తిప్పాడు. ఇంకా జారింది. చివరికి ప్లస్ ఆకారంలో ఉండాల్సిన గాడి గుండ్రటి గుంటలా తయారైంది. రైలు టైమైందని, ఆచారిగారిని పిలిపించుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆచారిగారు 'రేపొస్తానమ్మా' అన్నారు. ఆయన తప్పేం లేదు. పెళ్లిళ్ల సీజను, ఆయన చేతిలో రెండు ఇళ్ల తలుపులూ కిటికీలూ ఉన్నాయి. ఒక్క స్క్రూ కోసం పని మానుకుని ఎవరొస్తారు? రేపు, ఎల్లుండి, ఆదివారం అంటూ 12 రోజులు గడిచాయి. ఆ 12 రాత్రులూ అమ్మ హాల్లో నేల మీద పరుపు వేసుకుని పడుకుంది. మోకాళ్లు వంగని మనిషి నేల మీంచి లేవడమంటే ఏమిటో తెలుసా? రాత్రి బాత్‌రూముకి వెళ్లాల్సి వస్తే గోడదాకా పాక్కుంటూ వెళ్లి, కిటికీ ఊచ పట్టుకుని లేచేదట. ఈ సంగతి నాకు ఫోనులో చెప్పలేదు. నేను వెళ్లినప్పుడు పక్కింటి పిన్నిగారు చెప్పారు. "ఒక్క మేకు కోసం నిన్ను రమ్మనడం దేనికిలే అనుకున్నానే" అంది అమ్మ.

ఒక్క మేకు! అదీ నన్ను కుదిపేసిన మాట. అమ్మ ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కి మమ్మల్ని చదివించింది. ఆ మిషనుకి ఒక్కరోజు కూడా రిపేరువాణ్ని పిలవలేదు. సూది మార్చడానికి స్క్రూ వదులు చేసేది ఆవిడే. బాబిన్ కేసు మీద ఉండే ఆవగింజంత స్క్రూని పావు చుట్టు తిప్పి, కింది దారం ఎంత బిగువుగా రావాలో సరిచేసేది ఆవిడే. అలాంటి చేతులున్న మనిషి, మంచం స్క్రూ అనేసరికి 'అది మగాళ్ల పని' అని నేల మీద పడుకుంది.

ఆలోచిస్తే మనందరి సంగతీ ఇంతే. కుక్కరు గాస్కెట్టు మార్చేది మనం. సేఫ్టీ వాల్వు కొత్తది వేసేది మనం. మిక్సీ జారు బిగుసుకుపోతే విడదీసేది మనం. కుక్కరు పిడి లొడలొడలాడితే కూడా మనమే బిగిస్తాం. కాకపోతే స్క్రూడ్రైవరుతో కాదు, చాకు కొసతో! ఎందుకంటే స్క్రూడ్రైవర్ ఎక్కడుందో మనకి తెలీదు. అటక మీద ఉంటుంది, లేదా స్కూటరు డిక్కీలో ఉంటుంది, లేదా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక వెతికితే దొరుకుతుంది. పోపులపెట్టె ఎక్కడుందో మగవాళ్లకి తెలీకపోతే నవ్వుకుంటాం. పనిముట్ల పెట్టె ఎక్కడుందో మనకి తెలీకపోవడం మాత్రం మనకి నవ్వులాటగా తోచదు, సహజంగానే తోస్తుంది. అదే వింత.

ఇక ఆ స్క్రూ దగ్గరికి వద్దాం. మా తమ్ముడు వాడింది ఏమిటో తర్వాత చూశాను. టెస్టరు! కరెంటు ఉందో లేదో చూసుకునే టెస్టరు. మన ఇళ్లలో స్క్రూడ్రైవర్ అంటే చాలామటుకు అదే. దాని కొస చదునుగా, సన్నగా ఉంటుంది. ప్లస్ గాడిలో పెడితే ఏదో ఒక మూల పట్టుకుంటుంది, తిప్పగానే ఆ మూలని చెక్కేస్తుంది. పని చెడగొట్టింది ఆడవాళ్ల తెలియనితనం కాదు, మగవాడి తెలుసుననుకోవడం. మా తమ్ముడు చదివితే చదవనీండి, ఈ మాట నేను వాడి మొహం మీద కూడా అన్నాను.

ఈ ప్లస్ గాడికి ఒక కథ ఉంది. పూర్వం స్క్రూ తల మీద ఒకటే గీత ఉండేది. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరానికి చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో ఈ ప్లస్ ఆకారపు గాడికి పేటెంట్లు పొందాడు. కార్ల ఫ్యాక్టరీల్లో త్వరత్వరగా బిగించడానికి బాగా పనికొచ్చింది. స్క్రూడ్రైవర్ కొస దానంతటదే గాడి మధ్యలోకి దిగుతుంది, వెతుక్కోనక్కర్లేదు. అదే దాని సుగుణం, అదే దాని లోపం. గాడి గోడలు నిటారుగా ఉండవు, కిందికి పోనుపోనూ సన్నబడే ఏటవాలు గోడలు. గట్టిగా తిప్పుతున్నకొద్దీ స్క్రూడ్రైవర్ ఆ వాలు మీదుగా పైకి తన్నుకొస్తుంది. అలా తన్నుకొచ్చిన ప్రతిసారీ గాడి అంచుని కొంచెం కొరికేస్తుంది. నాలుగైదు సార్లు జారిందంటే ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అంతకు చాలా ముందే, 1909లో, కెనడాకి చెందిన రాబర్ట్‌సన్ అనే ఆయన చదరపు గాడికి పేటెంటు తీసుకున్నాడు. అది ఇంతగా జారదు. కానీ మన బజారులోకి వచ్చింది మాత్రం జారేదే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చెక్కలోకి దిగే మొనదేలిన స్క్రూలు యంత్రాల మీద లక్షల్లో తయారవడం 19వ శతాబ్దం నడుమ ఇంగ్లాండులో మొదలైంది. బర్మింగ్‌హామ్ పక్కనే స్మెథిక్‌లో నెటిల్‌ఫోల్డ్, చాంబర్లేన్ కుటుంబాలు 1854లో పెద్ద ఫ్యాక్టరీ పెట్టాయి. ఆ కాలంలో బర్మింగ్‌హామ్ ప్రాంతపు స్క్రూ ఫ్యాక్టరీల్లో యంత్రాల దగ్గర నిలబడి పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, ఆడపిల్లలు. వాళ్లకి మగవాళ్లకంటే తక్కువ కూలి ఇవ్వచ్చు కదా మరి! స్క్రూ తయారుచేసేటప్పుడు ఆడచెయ్యి పనికొచ్చింది. అది ఇంట్లోకొచ్చి బిగించాకే మగాళ్ల పనైపోయింది.

సరే, అమ్మ మంచం దగ్గర మేమిద్దరం ఏం చేశామో చెబుతాను. కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే 'మనమూ చేయగలం' అని ఊరికే అనుకుంటే స్క్రూ ఊడిరాదు.

మొట్టమొదట చేయాల్సింది తిప్పడం ఆపేయడం. జారిందీ అంటే అక్కడితో ఆగిపోవాలి. స్క్రూలు పాడయ్యేది మొదటిసారి జారినప్పుడు కాదు, ఆ తర్వాత పట్టుదలకు పోయి తిప్పే పది చుట్లలో. తర్వాత గాడి లోపల ఏముందో చూడాలి. టార్చి వేసి చూస్తే మా స్క్రూ గాడి నిండా గట్టిపడిన పాలిష్. అమ్మ తన గాజులకున్న పిన్నీసు తీసిచ్చింది. దాంతో గీకితే గోధుమరంగు పొడి రాలింది. పావుగంట గీకాక అడుగున ప్లస్ ఆకారం ఇంకా కాస్త మిగిలే ఉందని తేలింది. పై అంచులు పోయాయి గానీ లోతున గాడి బతికే ఉంది.

తర్వాత స్క్రూడ్రైవర్. నేను హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. ప్లస్ స్క్రూడ్రైవర్లలో నంబర్లుంటాయి. 1 సన్నది, బొమ్మలకీ చిన్న చిన్న పరికరాలకీ. 2 మామూలుది, ఇంట్లో ఉండే స్క్రూల్లో చాలావాటికి అదే సరిపోతుంది. 3 లావుది, మంచాలకీ తలుపులకీ వాడే లావు స్క్రూలకి. మంచంలోంచి ముందే వచ్చేసిన మూడు స్క్రూల్లో ఒకటి పట్టుకెళ్లాను. షాపు పెద్దాయన అనాల్సిన మాట అననే అన్నాడు, 'ఇంట్లో మగాళ్లెవరూ...' అని. 'ఉన్నారండీ, అందుకే ఇలా అయ్యింది' అన్నాను. ఆయన నవ్వేసి 3వ నంబరు స్క్రూడ్రైవర్ తీసిచ్చాడు. గాడిలో పెట్టి చూస్తే అటూ ఇటూ కదలకుండా కూర్చుంది. కొలత సరిపోయిందో లేదో తెలుసుకోడానికి అదే గుర్తు. ఊగిందంటే సరైనది కాదు. పిడి కింద ఆరు పలకల ఇనప భాగం ఉన్నదే అడిగి తీసుకున్నాను. దానికి పానా పట్టించి తిప్పచ్చు.

ఇంటికొచ్చాక ముందు రబ్బర్ బ్యాండు చిట్కా చూశాం. వెడల్పాటి రబ్బర్ బ్యాండుని గాడి మీద పరిచి, దాని మీంచి స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పితే ఖాళీల్లోకి రబ్బరు చొరబడి పట్టు దొరుకుతుందని అందరూ చెబుతారు. చిన్న స్క్రూలకి, మరీ బిగుసుకోని వాటికి అది పనిచేస్తుంది. మాకు చేయలేదు. రబ్బరు ముక్కలైపోయింది. చెప్పే వాళ్లు ఈ సంగతి చెప్పరు!

అప్పుడు అసలు పద్ధతికి వచ్చాం. స్క్రూడ్రైవరుని గాడిలో నిటారుగా పెట్టి, పిడి మీద సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాను, మరీ గట్టిగా కాదు. దాంతో రెండు పనులవుతాయి. కొస గాడి అడుగుదాకా దిగుతుంది. ఆ అదురుకి చెక్కలో పట్టేసిన మరలు కాస్త కదులుతాయి. తర్వాత పట్టె రెండో కొసని గోడకి ఆనించాం, నెట్టినా జరగకుండా. అమ్మ స్టూలు మీద కూర్చుని రెండు అరచేతులూ పిడి వెనక పెట్టి ఒళ్లంతా బరువేసి నెట్టింది. నేను పానాతో తిప్పాను. రహస్యమంతా ఇక్కడే ఉంది. మనం తిప్పడం మీద బలం పెడతాం. పెట్టాల్సింది నొక్కడం మీద. నొక్కుడు ఎక్కువ, తిప్పుడు తక్కువ. తన్నుకొచ్చే స్వభావం ఉన్న గాడి కదా, బయటికి రాకుండా నెట్టి పట్టుకోవడమే సగం పని. ఇంకోటి, ముందుగా ఎడమకి కాదు, కుడికి, అంటే బిగించే వైపుకి ఒక వెంట్రుకవాసి తిప్పాలి. పాత పాలిష్‌తోనో తుప్పుతోనో అతుక్కున్న పట్టు అలా తెగుతుంది. ఆ తర్వాత ఎడమకి.

'టక్' మని చప్పుడైంది. నేను స్క్రూ తల విరిగిపోయిందనుకున్నాను. కాదు, కదిలింది. అమ్మ చేతులు తీసేసి నా మొహంలోకి చూసింది. ఆ చూపు గురించి రాయాలంటే ఇంకో సంపాదకీయం కావాలి.

మాకు అంతటితో అయిపోయింది గానీ అందరికీ కాకపోవచ్చు. స్క్రూ తల చెక్కకి పైన కనిపిస్తూ ఉంటే కటింగ్ ప్లేయరుతోనో, బిగించి వదిలేస్తే పట్టుకునే ఉండే లాకింగ్ ప్లేయరుతోనో తల అంచులు పట్టి తిప్పేయచ్చు, గాడితో పనే లేదు. తల పైకి ఉండి పట్టు దొరక్కపోతే హ్యాక్సా బ్లేడుతో తల మీద అడ్డంగా ఒక గీత కోసి, చదును స్క్రూడ్రైవరుతో తిప్పచ్చు. మా మంచంలోలా తల చెక్కలోకి మునిగి ఉంటే మాత్రం ఈ రెండూ కుదరవు, చెక్క కోసుకుపోతుంది. ఇనప బీరువాలు, కుర్చీల స్క్రూలు తుప్పు పట్టి కదలకపోతే కుట్టుమిషను నూనె ఒక చుక్క గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ వేసి రాత్రంతా వదిలేయండి. చెక్కలో స్క్రూకి నూనె పోస్తే మరక తప్ప పెద్ద లాభం ఉండదు. అక్కడ వేడి మేలు. సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లు దాని మొనని స్క్రూ తలకి ఒకటి రెండు నిమిషాలు తాకించి, చల్లారాక తిప్పితే పాత పాలిష్, జిగురు పట్టు వదులుతాయి. చెక్క మాడకుండా చూసుకోవాలి, చేతులు సరేసరి.

ఇవేవీ కాకపోతే ఆఖరి మార్గం డ్రిల్లు. పాడైన స్క్రూలు తీయడానికే చేసిన ఎక్స్‌ట్రాక్టర్ బిట్లు దొరుకుతాయి. తల మధ్యలో చిన్న గుంట తవ్వి, ఎడమ మరలున్న ఆ బిట్‌ని అందులో పెట్టి, నెమ్మదిగా ఎడమకి తిప్పితే అది స్క్రూని కరిచి పట్టుకుని బయటికి లాగుతుంది. అదీ లేకపోతే తలనే పూర్తిగా తొలిచేస్తారు. తల పోతే పై చెక్క విడిపోతుంది, మిగిలిన కాడని ప్లేయరుతో పట్టి తిప్పుతారు. ఇనప రజను కళ్లలో పడుతుంది, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు. ఇంత దూరం వస్తే ఆచారిగారి కోసం ఆగడంలో తప్పు లేదు.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. స్క్రూడ్రైవర్ జారకుండా స్క్రూ చక్కగా తిరుగుతూనే ఉండి బయటికి మాత్రం రాకపోతే, పాడైంది గాడి కాదు, చెక్కలో కన్నం. రంపప్పొట్టు బోర్డుతో చేసిన టేబుళ్లలో, అల్మరాల్లో ఇది ఎక్కువ. అప్పుడు తల కింద చదును కొస ఏదైనా దూర్చి పైకి లేపుతూ తిప్పాలి. వచ్చాక కన్నంలో రెండు మూడు అగ్గిపుల్లలు, మందు ఉన్న తలలు తుంచేసి, ఫెవికాల్‌లో ముంచి దూర్చి, పైకి వచ్చిన ముక్క కోసేసి, మర్నాడు స్క్రూ బిగిస్తే కొత్తదానిలా పట్టుకుంటుంది. బిగించేముందు మరలని సబ్బు మీద ఒకసారి రుద్దితే తేలిగ్గా దిగుతుంది. పాత స్క్రూ మళ్లీ వాడకండి. కొత్తది కొనండి. దాని ధర చూసి 'ఇంతేనా!' అనుకుంటారు.

ఇంత చదివాక మీలో కొందరికి కోపం వస్తుందని నాకు తెలుసు. 'వంట మాది, పిల్లల చదువు మాది, ఉద్యోగమూ చేస్తున్నాం, అత్తమామల మందులూ మావే. ఇప్పుడు స్క్రూలు బిగించడం కూడా మా నెత్తినే వేస్తున్నారా?' అని. ఆ కోపం న్యాయమైనది. నేనూ ఇదే ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. మనం నేర్చుకున్న ప్రతి పనీ మన ఖాతాలో శాశ్వతంగా పడిపోతుందని మనకి అనుభవమే కదా. స్కూటరు నేర్చుకున్నాం, పిల్లల్ని దింపడం మన పనైంది. బ్యాంకు పని నేర్చుకున్నాం, బిల్లులు కట్టడం మన పనైంది.

నిజమే. అయినా ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు. తెలిసుండటం వేరు, రోజూ చేయడం వేరు. ఇంట్లో చేసేవాళ్లు ఉంటే చేయనివ్వండి, హాయిగా కూర్చుని కాఫీ తాగండి. కానీ తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం పని భారం లాంటిది కాదు. అది ఎదురుచూపు. 'నువ్వెందుకు, నేను ఆదివారం చూస్తాగా' అన్న ఆదివారం కోసం ఎదురుచూపు. 'రేపొస్తానమ్మా' అన్న రేపటి కోసం ఎదురుచూపు. మా అమ్మకి అది 12 రాత్రులు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, భర్త పోయినవాళ్లు, భర్తలు గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, వీళ్లందరికీ ఎదురుచూపు ఇంటి ఖర్చుల్లో ఒక ఖర్చులాగే ఉంటుంది.

మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఒక హాస్టల్లో ఉండేది. వాళ్ల గది తలుపు గడియకి స్క్రూలు రెండు ఊడిపోయాయి, మూడోది గాడి పోయి సగంలో వేలాడుతోంది. నెట్టితే గడియ ఊడి చేతికొచ్చేలా ఉంది. వార్డెనుకి చెప్పారు, రాసిచ్చారు, మళ్లీ చెప్పారు. నెల రోజులపాటు ముగ్గురమ్మాయిలూ రాత్రిళ్లు తలుపుకి అడ్డంగా కుర్చీ పెట్టి పడుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఇంజినీరింగ్ చదివినవాళ్లు! చివరికి వాళ్లే పాత స్క్రూ పీకి, కన్నాల్లో అగ్గిపుల్లలు కొట్టి, గడియ బిగించుకున్నారు. అరగంట పని. హాస్టలు వాళ్ల బాధ్యత దీంతో తీరిపోయిందని కాదు, అడగాల్సింది అడగాలి. కానీ ఆ నెల రోజుల భయం ఎవరు తిరిగిస్తారు?

ఇంజినీరింగ్ చదివినా స్క్రూ పట్టుకోవడం తెలియకపోవడానికి కారణం మన బళ్లే. మా చిన్నప్పుడు క్రాఫ్టు పీరియడుంటే మగపిల్లలకి చెక్కపని, ఆడపిల్లలకి కుట్లు. నేను గొలుసుకుట్టు బాగా కుట్టేదాన్ని, అందుకు విచారం లేదు. కానీ పక్కగదిలో రంపం చప్పుడు వినిపిస్తుంటే ఒక్కసారి వెళ్లి చూడ్డానికి కూడా వీల్లేకపోయింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫారసుతో 'సమాజోపయోగ ఉత్పాదక కార్యం' బళ్లలోకి వచ్చింది. పేరు ఘనంగా ఉండేది, నేను చూసినంతలో అది మార్కుల జాబితాలో ఒక గడిగా మిగిలింది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలందరికీ వడ్రంగం, కరెంటు పని, లోహపు పని, తోటపని, కుండలు చేయడం లాంటివి చేతితో చేసి చూసే అవకాశం ఉండాలని, సంచీ లేకుండా పది రోజులు బడికి రావాలని చెప్పింది. 'పిల్లలందరికీ' అని ఉంది, మగపిల్లలకి అని లేదు. మీ అమ్మాయి బడిలో ఆ పది రోజులు ఉన్నాయా, ఉంటే వడ్రంగం బల్ల దగ్గర ఆడపిల్లలు నిలబడుతున్నారా, లేక వాళ్లని ముగ్గులకీ గ్రీటింగ్ కార్డులకీ పంపేస్తున్నారా? పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కుల తర్వాత ఈ ఒక్క ప్రశ్న అడగండి. అడిగేవాళ్లు నలుగురుంటే గానీ ఇలాంటివి కాగితం దాటి రావు.

ఈ అవసరం ముందుముందు పెరిగేదే. సామాను ముక్కలుగా పెట్టెలో వచ్చి ఇంట్లో బిగించుకునే కాలం ఇది. ఐకియా దేశంలో తన మొదటి దుకాణం 2018 ఆగస్టులో తెరిచింది మన హైదరాబాద్‌లోనే. ఉద్యోగాలకొచ్చిన అమ్మాయిలు అద్దె గదుల్లో టేబుళ్లూ, అరలూ తామే బిగించుకుంటున్నారు, గది మారినప్పుడు తామే విప్పుకుంటున్నారు. బిగించేటప్పుడు డ్రిల్లు మిషన్ని స్పీడుగా తిప్పి ఆఖరిదాకా కొట్టకుండా, చివరి రెండు చుట్లు చేత్తో తిప్పితే విప్పేటప్పుడు గాడి పోవడమన్న సమస్యే ఉండదని వాళ్లకి ఎవరైనా చెప్పాలి.

ఇంట్లో ఏముండాలంటారా? పెద్ద పెట్టె అక్కర్లేదు. 1, 2, 3 నంబర్ల ప్లస్ స్క్రూడ్రైవర్లు, ఒక మంచి చదును స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయరు, చిన్న సుత్తి, చిన్న నూనె సీసా. ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పడతాయి. ఆ డబ్బా అటక మీద కాదు, వంటింటి అరలో ఉండాలి. చాకుతో కుక్కరు పిడి బిగించడం మానేయచ్చు. అన్నట్టు, టేబుల్ ఫ్యాను రెక్క ముందుండే మూత మాత్రం అన్నిటికీ ఎదురు. అది కుడికి తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక ఎన్ని మూతలు పగిలాయో!

ఆచారిగారు పదమూడో రోజు వచ్చారు. అప్పటికి మంచం హాల్లో వేసేశాం. ఆయన నాలుగు మూలలూ తట్టి చూసి, "ఎవరు విప్పారమ్మా?" అని అడిగారు. "నేనూ మా అమ్మాయీ" అంది అమ్మ. ఆయన ఆ గాడి పోయిన స్క్రూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మూడో నంబరు పెట్టారా?" అన్నారు. పెట్టామన్నాం. "అయితే నాకేం పని లేదిక్కడ" అని నవ్వి, కాఫీ తాగి, మంచం కిర్రుమనకుండా స్క్రూలకి బదులు బోల్టులు వేసుకుంటే ఈసారి పానాతో విప్పుకోవచ్చని చెప్పి వెళ్లారు. బోల్టులు ఎక్కడ మంచివి దొరుకుతాయో కూడా చెప్పారు, అమ్మకే చెప్పారు, నాకు కాదు.

పోయిన నెల అమ్మ ఫోను చేసింది. పక్కింటి పిన్నిగారి స్టీలు బీరువా తలుపు స్క్రూ రావడం లేదట, నూనె వేసి రాత్రంతా ఉంచారట. "ఈసారి వచ్చేటప్పుడు లాకింగ్ ప్లేయరు ఒకటి పట్రావే, ఇక్కడ దొరికేది పట్టు చాలడం లేదు" అంది.